టర్కీ పుంజు ముందు దీమం



ఏప్రిల్ మధ్యకొచ్చాం. మిస్సోరీలో డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరబూస్తున్నాయి. ఓజార్క్ కొండల్లో తెల్లవారకముందే అడవి టర్కీ పుంజుల కూత మొదలవుతోంది. ఇక్కడ ఆనవాయితీగా ఈ నెల మూడో సోమవారం వసంతకాలపు వేట సీజను తెరుస్తారు. మన తెలుగువాళ్లలో కూడా కొందరు ఈ వేట మీద మనసు పడుతున్నారు. ఆఫీసులో తోటివాళ్లు రమ్మంటే సరదాగా వెళ్లి, చీకట్లో చెట్టు మొదట్లో కూర్చుని, ఆ కూత ఒక్కసారి విని, ఇక వదల్లేకపోతున్నవాళ్లు వీళ్లు. వాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నగారూ, ఏ డెకాయ్ కొనమంటారు?"

డెకాయ్ అంటే వేటపిట్టను దగ్గరికి రప్పించడానికి నిలబెట్టే బొమ్మపిట్ట. మన పాత వేటగాళ్ల మాటలో దీమం. ఏ కంపెనీది కొనాలో చెప్పేముందు నేను వాళ్లను ఎదురు అడుగుతాను. మీరు నిలబెట్టబోయే ఆ పిట్ట ఎవరు? ఎదురుగా వచ్చే పుంజుకు అది పెట్టగా కనబడాలా, పోట్లాడి తరమదగ్గ కుర్రపుంజుగా కనబడాలా, తనకన్నా బలమైన మొనగాడిగా కనబడాలా? ఈ సంగతి తేలితే కొనడం సులువు. తేలకపోతే ఎంత ఖరీదైన బొమ్మ పెట్టినా పుంజు దాన్ని చూసి చల్లగా వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.

ముందు ఈ పక్షి సంసారం తీరు కాస్త తెలుసుకోవాలి. అడవి టర్కీల్లో జతకట్టే వేళ పుంజు పెట్టను వెతుక్కుంటూ వెళ్లడం తక్కువ. రాత్రి నిద్రపోయిన చెట్టు మీదినుంచే కూస్తుంది. వెలుతురు వచ్చాక కిందికి దిగి, నలువైపులా కనబడే చోటు చూసుకుని, పురి విప్పి, రెక్కల చివర్లు నేలకు రాసుకుంటూ తిరుగుతుంది. పెట్టలే దాని దగ్గరికి నడిచి వస్తాయి. వేటగాడు చేసేది దీనికి తలకిందులు. పెట్ట గొంతుతో పిలిచి పుంజునే తన దగ్గరికి రమ్మంటాడు. ఆ పిలుపుకు పుంజు కూతకు కూత బదులిస్తూ గబగబా వస్తుంది, ఏ 70 గజాల దూరంలోనో టక్కున ఆగిపోతుంది. నేను ఇంత దూరం వచ్చాను, ఇక మిగతాది నువ్వు రా అన్నట్టు అక్కడే పచార్లు చేస్తుంది. మెడ సాచి పిలుపు వచ్చిన చోటుకేసి చూస్తుంది. అక్కడ పెట్ట కనబడదు, అనుమానం పుడుతుంది. షాట్‌గన్ గుళ్లను నమ్ముకోగలిగింది దాదాపు 40 గజాల లోపలే. ఆ మిగిలిన 30 గజాలు పుంజును నడిపించడానికే దీమం.

ఈ కిటుకు మన నేలకు కొత్తది కాదు. పెంపుడు కౌజును పంజరంలో పెట్టి, చేను గట్టు మీద ఉంచి, చుట్టూ ఉచ్చులు పన్నే పిట్టలవాళ్లు మన ఊళ్లలో ఉండేవాళ్లు. పంజరంలోని పోతుపిట్ట గొంతెత్తి కూస్తే, ఆ గట్టు తనది అనుకునే అడవి పోతు పోట్లాటకు దూసుకొచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అలా పిట్టలను పట్టడం ఇప్పుడు నేరం. నేరంగానే ఉండాలి. అయితే ఆ పిట్టలవాడికి తెలిసిన విషయం ఒకటుంది. దీమం కౌజును ఎన్నుకునేటప్పుడు అతను ఈకల రంగు చూసేవాడు కాదు, కూతలో పౌరుషం చూసేవాడు. రప్పించేది అందం కాదని, హోదా గొడవ అని అతనికి తెలుసు. టర్కీ దగ్గర కూడా సరిగ్గా అదే పనిచేస్తుంది.

దుకాణానికి వెళ్తే ముందు తల చూడండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మార్టిన్ షైన్, ఎడ్గర్ హేల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెంపుడు టర్కీ పుంజుల ముందు పెట్ట బొమ్మ పెట్టి, ఏది చూసి అవి మోహపడతాయో పరీక్షించారు. బొమ్మలో ఒక్కొక్క భాగమే తీసేస్తూ వచ్చారు. తోక తీసేశారు, రెక్కలు, కాళ్లు తీసేశారు. చివరికి పుల్లకు గుచ్చిన తల ఒక్కటే మిగిలినా పుంజు దాని చుట్టూ పురి విప్పి తిరిగింది. తల లేని మొండెం మీద దానికి అంత మోజు కలగలేదు. కాబట్టి ఒంటి మీద ఈకలను ఎంత సన్నగా చెక్కారో చూసి మురిసిపోయేముందు తల ఆకారం, కన్ను, మెడ వంపు, రంగు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. పెట్ట తల నీలం కలిసిన బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉంటుంది. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. ఉద్రేకం ఎక్కువయ్యేకొద్దీ నడినెత్తి తెల్లబడి, మెడ కింది కండలు ఎర్రగా ఉబ్బుతాయి. చౌక బొమ్మల్లో కొన్నిటికి పెట్ట తలకు కూడా ఇంత ఎరుపు పూసేస్తారు. అలాంటివి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

తల తర్వాత భంగిమ. మెడ నిటారుగా నిక్కించి నిలబడిన పెట్ట ఆ జాతి భాషలో అపాయం చూసిన పెట్ట. అది దీమంగా నిలబడితే, వచ్చే పుంజుకు జాగ్రత్త అని చెప్పినట్టే. తల సగం వంచి గింజలు ఏరుకుంటున్నట్టున్నదో, మెడ ముడుచుకుని తీరిగ్గా నడుస్తున్నట్టున్నదో మేలు. మోకాళ్ల మీద వాలి జతకు సిద్ధమైనట్టున్న పెట్టబొమ్మలు కూడా దొరుకుతాయి. వాటి సంగతి మగబొమ్మల దగ్గర చెబుతాను.

మగ దీమాల్లో రెండు రకాలు. ఇక్కడివాళ్లు జేక్ అనే ఏడాది వయసు కుర్రపుంజు ఒకటి, పూర్తిగా పురి విప్పిన పెద్దపుంజు ఇంకొకటి. జేక్‌ను గుర్తుపట్టడం తేలిక. గుండె మీద గడ్డం పొట్టిగా ఉంటుంది, పురి విప్పితే తోకలో నడిమి ఈకలు మిగతావాటికంటే పొడుగ్గా పైకి లేచి ఉంటాయి. అడవిలో పెద్దపుంజుకు జేక్ అంటే లెక్కలేదు. అలాంటి కుర్రది తన హద్దులోకి వచ్చి పెట్ట పక్కన నిలబడితే అసలు ఓర్చుకోలేదు. వాలిన పెట్టబొమ్మ వెనక జేక్ బొమ్మ నిలబెట్టారంటే ఆ చుట్టుపక్కల మొనగాడు అనుకునే పుంజుకు అంతకన్నా అవమానం ఉండదు. ఈ జంట నిజంగా పనిచేస్తుంది.

పూర్తిగా పురి విప్పిన పెద్దపుంజు బొమ్మ మరీ పదునైన కత్తి. ముక్కు మీదినుంచి వేలాడే కండ ఉంటుంది చూడండి, అది ఎంత పొడుగైతే ఆ పుంజుకు అంత గౌరవం. రిచర్డ్ బుక్‌హోల్జ్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనలో పెట్టలు పొడుగు కండ ఉన్న పుంజులనే ఇష్టపడ్డాయి, పుంజులు తమకన్నా పొడుగు కండ ఉన్నదానికి దారి వదిలాయి. దీమం కొనేవాడికి దీనిలో ఒక హెచ్చరిక ఉంది. మీ బొమ్మ మరీ బలవంతుడిలా ఉంటే ఆ అడవిలో పెద్దపుంజు ఒక్కటే దాని మీదికి వస్తుంది. దానిచేత తన్నులు తిన్న రెండేళ్ల వయసు పుంజులన్నీ దూరం నుంచే చూసి తప్పుకుంటాయి. అవి ఎక్కువగా ఉన్న అడవిలో ఆ బొమ్మ పెట్టుకుంటే మీ వేట మీరే చెడగొట్టుకున్నట్టు.

ఇంకో విచిత్రం చెప్పాలి. కొన్నిసార్లు రెండు మూడు పుంజులు కలిసే వచ్చి జేక్ బొమ్మ మీద పడతాయి. ఒకదానికి పోటీగా ఇంకొకటి కాకుండా, దండుగా వస్తాయి. కాలిఫోర్నియాలో అలన్ క్రకావర్ ఈ పక్షుల్ని గమనించి 2005లో నేచర్ పత్రికలో రాశాడు. అలా కలిసి తిరిగే పుంజులు దగ్గరి చుట్టాలు, చాలావరకు అన్నదమ్ములే. అన్న జతకడతాడు, తమ్ముడు పక్కన పురి విప్పి అన్నకు అండగా నిలబడతాడు, తనకు మాత్రం జత దొరకదు. అన్న పిల్లల్లో తన రక్తం కూడా ఉంటుంది కాబట్టి ఆ త్యాగం వృథా పోదు. ఇది తెలిసిన తర్వాత అలాంటి అన్నదమ్ములు నా వైపు నడిచి వస్తుంటే నేను చూసే చూపే మారిపోయింది.

ఏ బొమ్మ ఎప్పుడు అన్నది సీజన్‌ను బట్టి. మొదటి రోజుల్లో పుంజుల మధ్య హోదా తగవులు ఇంకా తేలవు కాబట్టి జేక్, పెట్ట కలిపి పెడితే పనిచేస్తుంది. తర్వాత పెట్టలు పుంజు చుట్టూనే తిరుగుతుంటాయి. అప్పుడు పుంజును పిలిచి లాభం లేదు, దాని ముందు నడిచే పెద్ద పెట్టను రప్పించాలి. అందుకు తీరిగ్గా మేస్తున్న పెట్టబొమ్మలు రెండు చాలు. మే నెల వచ్చేసరికి పెట్టలు ఒక్కొక్కటే గూటికి వెళ్లి పొదగడం మొదలుపెడతాయి. పది పన్నెండు గుడ్లు, 28 రోజుల పొదుగు. ఒంటరిగా మిగిలిన పుంజులు పెట్టకోసం వెతుక్కుంటాయి, కానీ అప్పటికే తన్నులు తిని, తుపాకీ మోతలు విని బెదిరి ఉంటాయి. ఆ రోజుల్లో మగబొమ్మ సంచిలోంచి తీయకూడదు. ఒక్క పెట్టబొమ్మ చాలు. దట్టమైన ఓక్ అడవిలో అయితే అసలు ఏ బొమ్మా అక్కర్లేదు. పిలిచిన పెట్ట కనబడక, వెతుక్కుంటూ పుంజు ఇంకా దగ్గరికి వస్తుంది.

ఇక నిలబెట్టే చోటు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి. బొమ్మను దూరంగా పెట్టాలని అందరికీ అనిపిస్తుంది, పుంజు మనల్ని చూస్తుందేమోనన్న భయం. పెట్టాల్సింది మాత్రం మీ కాళ్ల దగ్గరినుంచి 15, 20 గజాల్లోనే. పుంజు ఒకవేళ బొమ్మకు అవతల ఇంకో 20 గజాల దూరంలో ఆగిపోయినా మీ 40 గజాల హద్దులోనే ఉంటుంది. బొమ్మనే 40 గజాల్లో పెడితే ఆ ఆగిపోయిన పుంజు మీకు దక్కదు. దక్కదని తెలిసి కూడా చెయ్యి ఆగక పేలిస్తే గాయపడి ఎగిరిపోతుంది, ఎక్కడో పొదలో చస్తుంది. దానికన్నా ఘోరం ఈ వేటలో లేదు.

మగబొమ్మ ముఖం మీ వైపు ఉండాలి. పోట్లాటకు వచ్చే పుంజు వెనకనుంచి పొడవదు, చుట్టూ తిరిగి మొహంలో మొహం పెట్టి నిలబడుతుంది. బొమ్మ మీ వైపు చూస్తుంటే పుంజు వీపు మీ వైపు తిరుగుతుంది. విప్పిన పురి దాని కళ్లకు అడ్డుపడిన ఆ రెండు మూడు క్షణాల్లోనే తుపాకీ భుజానికి ఎత్తుకోవాలి. పెట్టబొమ్మను మాత్రం పుంజు వచ్చే దారికి ఎదురుగా తిప్పి పెట్టకండి. తనవైపు తిరిగి ఉన్న పెట్ట వస్తున్న పెట్టలా కనబడుతుంది, పుంజు అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది. అటు తిరిగి వెళ్లిపోతున్నట్టు పెడితే వెంటపడుతుంది. కుడిచేతి వాటం వాళ్లు బొమ్మను మరీ ఎదురుగా కాకుండా కొంచెం ఎడమకు పెట్టుకుంటే తుపాకీ తిప్పడం సులువు, పుంజు చూపు కూడా తిన్నగా మీ మీద పడదు. గట్టు దాటిన వెంటనే తటాలున ఎదురుపడేలా మాత్రం పెట్టకూడదు. దూరంనుంచి చూసి, చూసి, నమ్మి రావాలి.

ఓజార్క్‌లో ఒక పచ్చిక బయలు అంచున, ఒక పాత వేటగాడి పక్కన కూర్చుని చూసిన దృశ్యం చెబుతాను. మంచు ఇంకా ఆరలేదు. అవతలి అంచునుంచి పుంజు బయటికి వచ్చి జేక్ బొమ్మను చూసింది. అంతవరకు విప్పి ఉన్న పురి ఒక్కసారిగా ముడిచింది. మెడ ముందుకు సాచి, పరుగు కాకుండా పక్కవాటుగా, ఒక్కో అడుగు లెక్కపెట్టినట్టు వేస్తూ వచ్చింది. నెత్తి మల్లెపువ్వంత తెల్లబడింది. గొంతులోంచి గురగురమనే శబ్దం, దగ్గరికొచ్చేకొద్దీ అది నా ఛాతీలో వినబడింది. బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎదురుగా నిలబడి, ఎగిరి రెండు కాళ్ల ముళ్లతో తన్నింది. బొమ్మ పడిపోయింది. పడిన శత్రువు మెడ మీద కాలు పెట్టి నిలబడింది. పక్కనున్న పెద్దాయన నోట్లోని పిలుపు రేకుతో చిన్నగా ఒక్కసారి టుక్ అన్నాడు. పుంజు తల ఎత్తింది. తల, మెడ స్పష్టంగా కనబడ్డ ఆ క్షణంలోనే పేల్చాడు. ఒంటి మీద గురిపెట్టకూడదు. గుళ్లు తగలాల్సింది తలకు, మెడకు. పుంజుకు నొప్పి తెలియకుండా ప్రాణం పోవాలి.

సరుకు గురించి రెండు ముక్కలు. నురుగు రబ్బరుతో చేసినవి మడిచి చంకలో పెట్టుకుపోవచ్చు, చౌక. కానీ సంచిలో నలిగిన సొట్ట అలాగే ఉండిపోతే గాయపడ్డ పక్షిలా కనబడుతుంది, ముందురోజు రాత్రే విప్పి సర్దుకోవాలి. బట్ట మీద ఫోటో ముద్రించి మడత పెట్టేలా చేసిన మోంటానా రకం కొండెక్కేవాళ్లకు తేలిక, కాకపోతే పక్కనుంచి చూస్తే పలచగా కనబడుతుంది. గాలి నింపే ఏవియన్-ఎక్స్, గట్టి అచ్చు పోసిన డేవ్ స్మిత్ లాంటివి చూడటానికి ప్రాణమున్నట్టే ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. ఏది కొన్నా ఎండలో పెట్టి చూడండి, ప్లాస్టిక్ తళుకు కొడుతుంటే వద్దు. టర్కీ కన్ను రంగుల్ని బాగా పట్టుకుంటుంది, మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనబడుతుంది. గాలికి బొమ్మ గిరగిరా తిరగకుండా తోకకు రెండు పక్కలా చెరో పుల్ల గుచ్చండి. అటు కాస్త, ఇటు కాస్త ఊగితే చాలు.

ఇంతవరకు పుంజును మోసగించడం గురించి చెప్పాను. ఈ బొమ్మ మనిషిని కూడా మోసగిస్తుంది. అడవిలో మీరొక్కరే లేరు. ఇంకో వేటగాడు మీ బొమ్మను నిజం పుంజు అనుకుని పేలిస్తే, దాని వెనక కూర్చున్నది మీరు. అందుకే వీపుకు మీ భుజాల కన్నా వెడల్పైన చెట్టు ఉండాలి. బొమ్మకు అవతలి వైపు ఎంత దూరం కనబడుతుందో ముందే చూసుకోవాలి. బొమ్మను మోసుకెళ్లేటప్పుడు తోకో తలో బయటికి కనబడకుండా సంచిలో పెట్టి, సంచికి నారింజ రంగు గుడ్డ కట్టాలి. ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. జేబులో ఎర్ర రుమాలు వద్దు. మోకాళ్లు ముడిచి కూర్చున్నప్పుడు ప్యాంటు కింద తెల్ల మేజోళ్లు బయటపడతాయి, అవీ వద్దు. ఎవరైనా మీ వైపు వస్తున్నట్టు కనబడితే చెయ్యి ఊపకండి, టర్కీ పిలుపు అసలే వేయకండి. కదలకుండా కూర్చుని మనిషి గొంతుతో గట్టిగా అరవండి. ఈమధ్య కొందరు తోక విసనకర్రను ముఖానికి అడ్డం పెట్టుకుని, పచ్చికలో పాకుతూ పుంజు మీదికి వెళ్తున్నారు. వీడియోల్లో చూసి మీరు కూడా ప్రయత్నించాలనుకుంటే మాత్రం, దయచేసి వద్దు. తుపాకులున్న అడవిలో మనిషి తనంతట తాను పుంజు వేషం కట్టడం నాకు సమ్మతం కాదు. ప్రభుత్వ భూముల్లో దాన్ని నిషేధించిన రాష్ట్రాలు సరైన పని చేశాయి.

చట్టం మాట వచ్చింది కాబట్టి, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ చేతపట్టడం ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీ ఒక్కసారి పట్టుకుని చూడాలన్నా ముందు లైసెన్సు తీసుకోండి, సందేహం ఉంటే వకీలును అడగండి. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కూడా కావాలి.

దీమం ఎంత బలమైనదో చెప్పడానికి అలబామా రాష్ట్రం ఒక నిదర్శనం. 2022 నుంచి అక్కడ వసంత సీజన్ మొదటి పది రోజులు డెకాయ్ పెట్టకూడదని నియమం తెచ్చారు. పెట్టలు ఇంకా జతకట్టకముందే ఆ అడవి మొనగాడు దీమం ముందు కూలిపోతే గుడ్లు తగ్గుతాయేమోనని వాళ్ల భయం. ఆ నియమం మిస్సోరీలో లేదు, కానీ మగబొమ్మల వరకు నేను దాన్ని పాటిస్తున్నాను. ఈ అడవుల్లో ఈ పక్షి దాదాపు లేకుండా పోయిన రోజులున్నాయి. 1954 నుంచి పెక్ రాంచ్ అనే చోట మిగిలిన పక్షుల్ని వలవేసి పట్టి ఒక్కో అడవికీ చేర్చుకుంటూ వచ్చారు, 1960లో గానీ వసంత వేటకు మళ్లీ తలుపు తెరవలేదు. తుపాకులు, తూటాల మీద 1937 నాటి చట్టం వేసే పన్ను నుంచి, వేటగాళ్లు కట్టిన లైసెన్సు రుసుము నుంచి అలాంటి పనులకు డబ్బు వచ్చింది. పురి విప్పిన పెద్దపుంజు బొమ్మ నా దగ్గరా ఉంది. మొదటి వారాలు అది గ్యారేజీలోనే ఉంటుంది. ఆ రోజుల్లో నా సంచిలో ఉండేది మేస్తున్న పెట్టబొమ్మ ఒక్కటే. దాన్ని చూసి రాని పుంజును వెళ్లనిస్తాను.